దేవరకొండలో మానేసిన కవరు సముద్రం లెక్కలోకి వస్తుందా?

మీ ప్రశ్న సారాంశం ఇది. మీరు దేవరకొండలో డిగ్రీ చదువుతున్నారు. కొంతకాలంగా గుడ్డ సంచీ, స్టీలు సీసా వెంట తీసుకెళ్తున్నారు. "సముద్రం ఎక్కడ, మనం ఎక్కడ? నువ్వు ఒక్కదానివి కవరు మానేస్తే తిమింగలాలు బతుకుతాయా?" అని స్నేహితులు నవ్వుతున్నారు. ఇంకోవైపు కాలేజీలో కొందరు బాపట్ల దగ్గరి సూర్యలంక తీరానికి వెళ్ళి ప్లాస్టిక్ ఏరుదామంటున్నారు. ఈ చిన్న ప్రయత్నాలకు విలువ ఉందా, ఆ తీరానికి వెళ్ళాలా వద్దా అని అడిగారు.

నేను పూర్వపు పాలమూరు, నల్లగొండ జిల్లాల మున్సిపాలిటీల్లో పారిశుద్ధ్య విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. చెత్త ఎక్కడ పుడుతుందో, ఎక్కడికి పోతుందో చూడటమే నా ఉద్యోగం. సూటిగా చెబుతాను. మీ సంచీ వల్ల సముద్రానికి నేరుగా కలిగే మేలు చాలా తక్కువ. మీ ఊరి వాగుకు, పశువులకు, నాగార్జునసాగర్‌కు కలిగే మేలు మీరు అనుకుంటున్నదానికంటే ఎక్కువ. సముద్రం దాకా లెక్కకు వచ్చే పనులు కూడా మామూలు మనుషుల చేతిలోనే కొన్ని ఉన్నాయి, కానీ వాటిలో సంచీకి, సీసాకు మొదటి స్థానం లేదు.

ముందు దారి చూద్దాం. దేవరకొండ వీధిలో పడిన కవరు వానకు మురుగు కాలువలోకి, అక్కడి నుంచి వాగులోకి, వాగు నుంచి దిండి నదిలోకి పోయిందనుకుందాం. దిండి వెళ్ళి కలిసేది సాగర్ జలాశయంలో. అంటే బంగాళాఖాతం చూడాలంటే మీ కవరు సాగర్ ఆనకట్ట, దాని దిగువనున్న చిన్న జలాశయం టెయిల్‌పాండ్, పులిచింతల, ప్రకాశం బ్యారేజీ దాటాలి. జడ్చర్ల వాళ్ళదైతే దుందుభిలో పడి ముందు దిండి ప్రాజెక్టు దగ్గరే ఆగుతుంది. మక్తల్ వైపు వాళ్ళదైతే జూరాల, శ్రీశైలం కూడా దాటాలి. పైగా గేట్లు ఏటా ఎత్తరు. 2023లో వానలు లేక సాగర్ నిండనే లేదు.

శాస్త్రవేత్తల లెక్కలు కూడా ఇదే చెబుతున్నాయి. ఒకప్పుడు, 2017 ప్రాంతంలో, సముద్రాల్లోకి నదులు మోసుకొచ్చే ప్లాస్టిక్‌లో సింహభాగం పది పెద్ద నదులదేనన్న మాట బాగా ప్రచారమైంది. 2021లో వచ్చిన మరో అధ్యయనం ఆ చిత్రాన్ని మార్చేసింది. నదుల ద్వారా ఏడాదికి 8 లక్షల నుంచి 27 లక్షల టన్నుల ప్లాస్టిక్ సముద్రాల్లో చేరుతోందని, అందులో 80 శాతం వెయ్యికి పైగా నదుల నుంచి వస్తోందని అది అంచనా వేసింది. తీరం పక్కనున్న నగరాల మధ్య నుంచి పారే చిన్న నదుల వాటా ఎక్కువని తేలింది. వాన, గాలి, నేల వాలు, చెత్త పడిన చోటి నుంచి నదికి దూరం, అక్కడి నుంచి సముద్రానికి దూరం అన్నీ లెక్కవేస్తే లోతట్టు ఊళ్ళ చెత్తలో ఎక్కువ భాగం దారిలోనే ఉండిపోతుంది. కాబట్టి మీ స్నేహితులు చెప్పేదాంట్లో సగం నిజమే.

దీనికి ఒక పెద్ద మినహాయింపు మన జిల్లాలోనే ఉంది: మూసీ. అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాద్ గుండా వచ్చి, భువనగిరి, నల్లగొండ, సూర్యాపేట ప్రాంతాలు దాటి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. వాడపల్లి ఉన్నది సాగర్‌కు దిగువన. మహానగరం చెత్తను మోసుకొచ్చే ఈ నదికి సాగర్ ఆనకట్ట అడ్డు రాదు. సోలిపేట దగ్గర మూసీ ప్రాజెక్టు దాటితే మిగిలినవి పులిచింతల, ప్రకాశం బ్యారేజీలే. వలిగొండ మండలం సంగెం దగ్గర భీమలింగం కత్వ, అంటే నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్ట, ఉంది. వరద తీసిన మరునాడు అక్కడ నిలబడితే హైదరాబాద్ ఏం తిన్నదో, ఏం తాగిందో చిక్కుకున్న కవర్ల మీద చదువుకోవచ్చు. ఆ కత్వల కింద వరి పండించే రైతులు నాట్లకు ముందు మడుల్లోంచి కవర్లు ఏరుకుంటారు, అవి వాళ్ళు పారేసినవి కాకపోయినా. 2020 అక్టోబరు నాటి వరదల్లాంటివి వస్తే కత్వలూ ఆపలేవు, ప్రాజెక్టులూ ఆపలేవు. ఏళ్ళ తరబడి ఒడ్డు పొదల్లో చిక్కుకున్నది కొద్దిరోజుల్లోనే కిందికి కొట్టుకుపోతుంది. మీ బంధువులెవరైనా హైదరాబాద్‌లో నాలా పక్కన ఉంటే సముద్రం గురించిన ఈ ప్రశ్న మీకంటే వాళ్ళు ఎక్కువగా వేసుకోవాలి.

సముద్రం చేరనిది మాయమైపోదు కదా. పాలిథిన్ నీళ్ళకంటే తేలిక. కవర్లు, మూతలు తేలుతూ పోయి తుమ్మ కొమ్మలకు చుట్టుకుంటాయి. నీళ్ళ సీసాకు వాడే ప్లాస్టిక్ నీళ్ళకంటే బరువు. మూత బిగించి ఉంటే సీసా తేలుతుంది, మూత ఊడితే నిండి అడుగుకు చేరి పూడికలో కలుస్తుంది. ఒడ్డున మిగిలినది ఎండకు పెళుసెక్కి, విరిగి, కంటికి ఆననంత చిన్న తునకలవుతుంది. ఈ తునకలు చేరే సాగర్ నుంచే నల్లగొండ పల్లెలకు తాగునీరు వస్తుంది. అక్కంపల్లి మీదుగా హైదరాబాద్‌కు వెళ్ళే కృష్ణా నీళ్ళూ అక్కడివే. మీ స్నేహితులు మళ్ళీ తిమింగలాల ఊసెత్తితే వాళ్ళింటి నల్లా సంగతి ఎత్తండి.

పశువుల విషయం దీనికంటే ముందు చెప్పాల్సింది. మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు కవర్లో వేసి, ముడివేసి కుప్ప మీద విసిరేస్తారు. ఆవుకు ముడి విప్పడం రాదు, ఉప్పు వాసనకు కవరుతో సహా మింగుతుంది. అది అరగదు, బయటికీ పోదు. కడుపులో ఉండగా ఉండగా ముద్దకడుతుంది. మేత తినడం తగ్గి, పాలు తగ్గి, చివరికి పశువు పడుకుంటుంది. పొట్ట కోసి తీసిన ముద్దలను పశువైద్యులు తట్టల్లో పెట్టి చూపిస్తారు, ఒకసారి చూస్తే జన్మలో మర్చిపోరు. కవరు మానలేకపోతే పోయింది, అందులో తిండి వేసి ముడివేయడం ఒక్కటి మానండి. మీ వాడకట్టులో పది ఇళ్ళకు ఈ మాట చెబితే దాని ఫలితం ఈ సంవత్సరమే కనిపిస్తుంది.

తర్వాత పొగ. ప్రపంచంలో అదుపు లేకుండా పర్యావరణంలోకి పోయే ప్లాస్టిక్ 2020లో 5.2 కోట్ల టన్నులని 2024లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. దేశాలవారీగా మొదటి స్థానం మనదే, 93 లక్షల టన్నులు. ఆ మొత్తం ప్రపంచ లెక్కలో సగానికి పైగా బహిరంగంగా తగలబెట్టేదే. మన దగ్గర కుప్పకు నిప్పు పెట్టని ఊరు నాకు అరుదుగా కనిపించింది. ఒక వింత చూడండి: తగలబెట్టే ఊరు సముద్రం లెక్కలో మంచి ఊరే, దాని ప్లాస్టిక్ నదిలోకి పోవడం లేదు! కానీ ఆ పొగ పీల్చేది కుప్ప పక్కింటి పిల్లలు. సముద్రాన్ని ఒక్కదాన్నే కొలమానంగా పెట్టుకుంటే ఇలాంటి తప్పు లెక్కలే వస్తాయి. అందుకే మీ ప్రశ్నలో సముద్రాన్ని కాస్త పక్కకు జరుపుతున్నాను.

ఇప్పుడు నేను అన్నిటికంటే ముఖ్యమనుకునే సంగతి. ప్లాస్టిక్ అంతా ఒకటి కాదు. ఏది వాగులో పడుతుందో తెలియాలంటే పాత సామాన్ల దుకాణం ముందు ఒక పూట కూర్చోండి. నీళ్ళ సీసాలు, విరిగిన బకెట్లు, కుర్చీలు, డ్రిప్పు పైపులు వస్తాయి. వాటికి ధర ఉంది, ఏరుకునేవాళ్ళు వదలరు. పాలప్యాకెట్లు కడిగి ఎండబెట్టి ఇస్తే తీసుకునేవాళ్ళున్నారు. రానివి ఏమిటో గమనించండి. పలచని క్యారీ బ్యాగులు, పాన్ మసాలా, షాంపూ సాషేలు, చిప్స్ ప్యాకెట్లు, టీ తాగి పారేసే కప్పులు, థర్మాకోల్ పళ్ళేలు, వాటర్ ప్యాకెట్లు. చిప్స్ ప్యాకెట్టులో ప్లాస్టిక్ పొరలకు అల్యూమినియం పూత అంటుకుని ఉంటుంది, విడదీయడం కుదరదు కాబట్టి ఎవరూ కొనరు. వాటర్ ప్యాకెట్లు ఎన్ని ఏరినా తూకానికి రావు. కొనేవాడు లేని ఈ సరుకే కాలువల్లో, చెరువు కట్టల కింద మిగులుతుంది. ప్రపంచం మొత్తం మీద 2015 వరకు పుట్టిన ప్లాస్టిక్ వ్యర్థాల్లో తిరిగి వాడకంలోకి వచ్చింది 9 శాతమేనని ఒక ప్రసిద్ధమైన అంచనా ఉంది. అందుకని మీ మొదటి మానుకోలు పాత సామాన్లవాడు వద్దనేదాంతో మొదలుకావాలి. స్టీలు సీసా మంచిదే. దానికంటే టీ కొట్టు దగ్గర గాజు గ్లాసు అడగడం ఎక్కువ పనిచేస్తుంది.

పొలాల సంగతి పట్టణాల్లో ఎవరూ మాట్లాడరు. పత్తి చేను గట్టున పురుగుమందు డబ్బాలు, విత్తన ప్యాకెట్లు. కూరగాయల మడుల్లో పరిచే మల్చింగ్ షీటు ఒక పంటకే చిరుగుతుంది, మట్టి అంటుకుంటుంది కాబట్టి కొనేవాడు ఉండడు, గట్టు మీదే కాల్చేస్తారు లేదా దున్నేస్తారు. కొంచెం మందంగా ఉన్న షీటు కొంటే చిరగకుండా చుట్టి తీయవచ్చు, ఇంకో పంటకూ వస్తుంది. మీ ఇంట్లో వ్యవసాయం ఉంటే ఈ మాట నాన్నగారితో అనండి. ఇక చేపల వలలు: పసిఫిక్ మహాసముద్రంలోని ప్రసిద్ధమైన చెత్త సుడిలో బరువు లెక్కన దాదాపు సగం, 46 శాతం, వలలేనని 2018లో ఒక బృందం తేల్చింది. అంటే సముద్రం మధ్యలో తేలేదానిలో పెద్ద భాగానికి మన సంచీలతో ఏ సంబంధమూ లేదు. దాన్ని మీరూ నేనూ ఆపలేం.

వ్యక్తి ప్రయత్నం ఎక్కడ పెద్దదవుతుందో ఒక చిన్న లెక్క వేద్దాం. రోజుకో కవరు మానేస్తే ఏడాదికి 365. ఐదువందల మంది వచ్చే పెళ్ళిలో ఒక్కొక్కరికి రెండు చిన్న నీళ్ళ సీసాలనుకుంటే ఒక పూటకు వెయ్యి. దాని మీద పళ్ళేలు, గ్లాసులు, పెరుగు కప్పులు, ఐస్‌క్రీం చెంచాలు. మీ ఇంట్లో జరిగే ఒక్క శుభకార్యంలో స్టీలు గ్లాసులు, మోదుగాకు విస్తళ్ళు పెట్టించగలిగితే, ఆ ఒక్క నిర్ణయం మీ మూడేళ్ళ గుడ్డ సంచీని దాటిపోతుంది. మోదుగ మన అడవుల్లో కొదవ లేదు, నల్లమల వైపు విస్తళ్ళు కుట్టి బతికే కుటుంబాలూ ఉన్నాయి. వంటవాళ్ళు ఒప్పుకోరు, గ్లాసులు కడగడానికి మనుషులు కావాలంటారు. నిజమే, ఆ కూలి ఇవ్వాలి. ప్లాస్టిక్ చవక అనిపించేది కడిగే కూలి మిగులుతుంది కాబట్టి, ఎత్తే కూలి మున్సిపాలిటీ మీద పడుతుంది కాబట్టి. కొన్ని ఊళ్ళలో మహిళా సంఘాలు స్టీలు పళ్ళేలు, గ్లాసులు కొనిపెట్టి అద్దెకిస్తున్నాయి. మీ వార్డులో అలాంటిది లేకపోతే మొదలుపెట్టించండి. నా దృష్టిలో ఒక డిగ్రీ విద్యార్థిని చేయగలిగిన అతి పెద్ద పని ఇదే. ఐదువందల మంది తరఫున ఒకరు నిర్ణయించే చోటు ఏ ఊళ్ళోనైనా కొన్నే ఉంటాయి: పెళ్ళి, జాతర, హాస్టల్, కాలేజీ క్యాంటీన్. ఆ చోట్లను పట్టుకోండి.

నీళ్ళ విషయంలో ఎవరినీ నిందించకండి. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగిపోయిన మనుషులను చూసినవాళ్ళు నీళ్ళు కొనుక్కుంటే అది విలాసం కాదు. ఆ భయం ఇంటింటికీ నల్లా వచ్చాక కూడా అంత త్వరగా పోదు. అయితే కొనడంలోనూ తేడా ఉంది. ఇరవై లీటర్ల క్యాన్ మళ్ళీమళ్ళీ నింపుతారు, దాని నుంచి చెత్త పుట్టదు. చెత్తంతా ప్యాకెట్లది, చిన్న సీసాలది.

సంచీ గురించి కూడా ఒక మాట. ఈ మధ్య ప్రతి సదస్సులో కొత్త గుడ్డ సంచీ పంచుతున్నారు. ఇంట్లో పది సంచీలు పేరుకుంటే ప్రయోజనం లేదు. డెన్మార్క్ పర్యావరణ సంస్థ 2018లో లెక్కవేస్తే, వాతావరణం మీద ప్రభావం వరకే చూసినా, పత్తి సంచీని కనీసం 52 సార్లు వాడితేగాని దుకాణంలో ఇచ్చే మామూలు ప్లాస్టిక్ కవరుతో సరితూగలేదు. ఆ లెక్కలో వీధిన పడే చెత్తను కలపలేదు, అది వేరే విషయం. పత్తి పండించే మనకు దాని వెనక ఎంత నీరు, ఎంత మందు ఉందో చెప్పక్కర్లేదు. బియ్యం బస్తా కోసి కుట్టిన సంచీ ప్లాస్టిక్‌దే అయినా ఏళ్ళ తరబడి అంగడికి వెళ్ళొస్తుంది. నాకు కొత్త గుడ్డ సంచీ కంటే అదే నయం.

"ఇదంతా ప్రభుత్వం, కంపెనీలు చేయాలి కదా" అని మీరు చివర్లో రాశారు. అవును, చేయాలి. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ కప్పులు, పళ్ళేలు, చెంచాలు, స్ట్రాల వంటివి దేశమంతటా నిషేధం. క్యారీ బ్యాగు మందం 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తగ్గకూడదు. అదే ఏడాది ఫిబ్రవరిలో తయారీదారులే తమ ప్యాకింగు చెత్తకు బాధ్యత వహించాలన్న మార్గదర్శకాలూ వచ్చాయి. సంతలో కొత్తిమీర ఏ కవర్లో వస్తోందో మీకే తెలుసు. ప్లాస్టిక్ కాలుష్యం మీద అంతర్జాతీయ ఒప్పందం కోసం 2025 ఆగస్టులో జెనీవాలో దేశాలన్నీ కూర్చుని తేల్చకుండానే లేచాయి. అలాగని నియమాలు పనికిరావని అనుకోవద్దు. ఐర్లాండ్ 2002లో కవరుకు 15 సెంట్ల రుసుము పెడితే వాడకం 90 శాతానికి పైగా పడిపోయింది. మనిషి మనసు మారేదాకా ఆగలేదు, బిల్లు దగ్గర చిల్లర అడిగారంతే. ఇలాంటి నియమాన్ని గ్రామసభలో, వార్డు సమావేశంలో అడగవచ్చు. కిరాణా సంఘం ఒప్పుకుంటే ఊరంతటా ఒకే రోజు కవరుకు ధర పెట్టవచ్చు. ఒక్క దుకాణదారుణ్ణి మానమంటే గిరాకీ పక్క దుకాణానికి పోతుందంటాడు, ఆ భయం న్యాయమైనదే. అందరికీ ఒకేసారి అంటే ఆ మాట రాదు.

సూర్యలంక సంగతి. ఏరినంత మాత్రాన తీరం శుభ్రంగా ఉండదు, తర్వాతి అలలు మళ్ళీ తెచ్చి పోస్తాయి. అయినా ఒక కారణానికి వెళ్ళండి. అమెరికా తీరాల్లో వేలాది శుభ్రత కార్యక్రమాల్లో ఏరినవాళ్ళు ఏ వస్తువు ఎన్ని దొరికాయో రాసిపెట్టారు. ఆ కాగితాల ఆధారంగానే 2025లో ఇద్దరు పరిశోధకులు లెక్కగట్టారు: కవర్ల మీద నిషేధమో రుసుమో ఉన్నచోట, తీరం చెత్తలో కవర్ల వాటా అవి లేని చోట్లతో పోలిస్తే 25 నుంచి 47 శాతం దాకా తగ్గింది. ఏరడం కంటే రాయడం ఎక్కువ పనిచేసిందన్నమాట. మీరూ ఒక నోటుపుస్తకం పట్టుకెళ్ళండి. వల ముక్కలు ఎన్ని, సాషేలు ఎన్ని, సీసాలు ఎన్ని, ఏ కంపెనీవి. ఫొటోలు దిగి వచ్చేయడానికైతే ఆ బస్సు ఖర్చు దండగ.

తీరానికి ఒకసారి వెళ్తే చాలు, వాగు దగ్గరికి ఏటా వెళ్ళండి. ఎప్పుడన్నది ముఖ్యం. ఎండాకాలమంతా కాలువల్లో, వాగుల్లో పేరుకున్నది తొలకరి మొదటి రెండు మూడు పెద్ద వానలకు కదులుతుంది. అందుకే గాంధీ జయంతి నాడు చీపుర్లు పట్టుకోవడం మీద నాకు పెద్ద గౌరవం లేదు, అప్పటికి వాగు తన పని ముగించుకుంటుంది. మే చివరి వారంలో, ఎండ ముదరకముందే, పొద్దున్నే దిగండి. కల్వర్టు తూముల దగ్గర, వంతెన స్తంభాల చుట్టూ, చెరువు అలుగు దగ్గర ఎక్కువ చిక్కుకుని ఉంటుంది. చేతులకు గ్లౌజులు, కాళ్ళకు బూట్లు తప్పనిసరి. గాజు పెంకులు ఉంటాయి, పాములూ ఉంటాయి.

ఏరినది ఎక్కడికి పోతుందో ముందే తేల్చుకోండి. ఉత్సాహంగా ఏరి, గుట్టపోసి, సాయంత్రానికి ఎవరో అగ్గిపుల్ల గీసిన కార్యక్రమాలు చాలా చూశాను. సీసాలు, గట్టి ప్లాస్టిక్ పాత సామాన్లవాడికి వేరుగా పెట్టండి. మిగిలినది మున్సిపాలిటీ పొడి చెత్త కేంద్రానికి చేరాలి. కొనేవాడు లేని ప్లాస్టిక్‌ను సిమెంటు బట్టీల్లో బొగ్గుతో పాటు మండించడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి, అక్కడి వేడికి వీధి మంటలో లేచే విషాలు చాలావరకు విరిగిపోతాయి. వాడపల్లి, మేళ్ళచెరువు వైపు సిమెంటు కర్మాగారాలు మనకు దగ్గరే. మీ మున్సిపాలిటీ పొడి చెత్తను అలాంటి చోటికి పంపుతోందా, డంపింగ్ యార్డులోనే ఉంచుతోందా అని కమిషనర్‌ను రాతపూర్వకంగా అడగండి. ఆ అర్జీ కూడా మీరు అడిగిన చిన్న ప్రయత్నాల్లో ఒకటి. చెత్త ఎత్తే ట్రాక్టరు ఏ రోజు, ఎన్ని గంటలకు వస్తుందో పారిశుద్ధ్య విభాగం వాళ్ళతో ముందే మాట్లాడుకోండి. ట్రాక్టరు ఖాయం కాకపోతే తేదీ మార్చుకోండి, ఏరడం మొదలుపెట్టకండి.